చెవులపిల్లి

లింగస్వామికి ఆ రోజు వీక్లీ ఆఫ్. ఆఫ్ ఉన్న రోజు పొద్దున ఇంట్లో ఆయన గొంతు తప్ప ఇంకోటి వినపడదు. ఇరవై ఆరేళ్లుగా నల్లగొండ డిపోలో కండక్టరు. కిక్కిరిసిన బస్సులో వెనక సీటు దాకా వినపడేలా మాట్లాడి అలవాటైన గొంతు, రెండు గదుల కిరాయి ఇంట్లో ఎక్కడ ఇముడుతుంది?

"జానమ్మా, చాయ్‌ల షక్కర ఏసినవా, మర్చినవా?" అని వంటింట్లో ఉన్న భార్యను కేకేశాడు.

"షుగరొస్తే బస్సెవలు నడుపుతరని తక్కువేసిన."

"బస్సు డ్రైవర్ నడుపుతడే! నేను టికెట్లు కొట్టేటోణ్ణి" అని తన మాటకు తనే పకపకా నవ్వాడు. నవ్వితే ఆయన పళ్లన్నీ బయటికొస్తాయి. గోధుమ రంగు చారలు పడి, అంచులు అరిగిన పళ్లు. మర్రిగూడ దిక్కు పల్లెలో ఫ్లోరైడు కలిసిన బోరింగు నీళ్లు తాగి పెరిగినవాడు. ఆ ఊళ్లో ఆయన ఈడు వాళ్లందరివీ గారపళ్లే.

లోపలి గదిలోంచి కూతురు ప్రవళిక వచ్చింది. ఇస్త్రీ చేసిన చుడీదారు, చేతిలో టిఫిన్ డబ్బా, మొహానికి నీలం రంగు మాస్కు. ఇరవై రెండేళ్ల పిల్ల. ప్రకాశం బజారు దగ్గర చీరల షోరూంలో పని.

"ఓ చెవులపిల్లీ! కరోనా పోయి రెండేండ్లాయె. ఇంకెన్నొద్దులు గా మూతిగుడ్డ?"

"షాపుల దుమ్ము బాపూ."

"కొత్త చీరలకు దుమ్మెక్కడిదే?"

ప్రవళిక చెప్పులేసుకుంది. "పోయొస్తనమ్మా" అని తల్లికి చెప్పి మెట్లు దిగిపోయింది.

ఆ వైపు పల్లెల్లో కుందేలును చెవులపిల్లి అంటారు. ప్రవళికకు పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చినప్పుడు ముందరి రెండూ పొడుగ్గా వచ్చాయి. పక్కవి చోటు చాలక ఒకదాని మీదికొకటి ఎక్కాయి. "పన్ను మీద పన్ను అదృష్టం" అని నాయనమ్మ మురిసిపోయింది. లింగస్వామి పిల్లను ఎత్తుకుని "నా చెవులపిల్లి" అన్నాడు. బస్సెక్కిన ప్రతివాడికీ ఒక పేరు పెట్టడం ఆయనకు అలవాటు. గళ్ల లుంగీ, గుమ్మడికాయ, రేడియో... ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. కూతురికి పెట్టిన పేరు మాత్రం అలాగే నిలబడిపోయింది.

అసలు ఈ పిల్ల చిన్నప్పటి నుంచీ మాటకు పొదుపు. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేది. డిగ్రీ చదివే రోజుల్లో నెలలో సగం రోజులు కాలేజీకే పోయేది కాదు. అలాంటిది, కరోనా తగ్గుముఖం పట్టిన రోజుల్లో మాస్కులతోనే షోరూం తెరిస్తే, స్నేహితురాలి బలవంతం మీద వెళ్లి చేరింది. నెల తిరగ్గానే దారిలో పడింది. చీర విప్పి భుజం మీద వేసుకుని మాట్లాడటం మొదలుపెడితే, ఒక్క చీరకని వచ్చినావిడ మూడు కొనుక్కుని వెళ్లేది. "నా నాలికే వచ్చింది బిడ్డకు" అని లింగస్వామి డిపో అంతా చెప్పుకుని తిరిగాడు. మాస్కు వచ్చాకే ఆ నాలిక కదిలిందన్న సంగతి ఆయన ఆలోచించలేదు.

పదిన్నరకు డ్యూటీ చార్టు చూసుకుందామని డిపోకు పోయాడు. అక్కడ లేడీ కండక్టరు గుర్వమ్మ ఆయన్ను పక్కకు పిలిచింది.

"అన్నా, ఒక మాటడుగుత, ఏమనుకోవద్దు. మీ బిడ్డకు దేవరకొండల నౌకరీ దొరికిందా?"

"దేవరకొండల ఎందుకు? ఈన్నే, చీరల షాపుల చేస్తది గదా."

గుర్వమ్మ చేతిలోని టికెట్ల మిషన్ను అటూ ఇటూ తిప్పింది. "ఈ వారంల మూడు దినాలు నా బస్సే ఎక్కింది. జీరో టికెట్‌కు ఆధార్ చూపియ్యాలె గదా, గండ్ల తండ్రి పేరు కాడ నీ పేరు చూసిన. దేవరకొండ దాకా వస్తది. దిగదు. మల్ల అదే బస్సుల వాపసొస్తది. మధ్యాహ్నం సీట్లనే డబ్బా ఇప్పి తింటది. మొఖం కిటికి దిక్కు తిప్పుకొని, మాస్కు జర కిందికి జరుపుకొని తింటది. నేనడిగితే 'పని మీద పోతున్న అక్కా' అన్నది. ఆడపిల్ల కదా అని నీ చెవినేస్తున్న."

ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయి రెండు నెలలు. రోజుకు వందల జీరో టికెట్లు లింగస్వామీ కొడుతున్నాడు. తన బిడ్డ అలా పొద్దుపుచ్చుతోందంటే నమ్మబుద్ధి కాలేదు. ముందు ఒకటే అనుమానం వచ్చింది. ఎవడో పిల్లగాడు ఉండి ఉంటాడు. ఆ అనుమానంతోనే రక్తం తలకెక్కి, నేరుగా షోరూంకు పోయాడు.

మేనేజరు నరహరి ఆయన్ను చూడగానే లేచి కుర్చీ వేశాడు. "నేనే ఫోన్ చేద్దామనుకుంటున్ననన్నా. ప్రవళికకు పానం మంచిగ లేదా? పన్నెండొద్దులాయె రాక."

"ఏమైంది? ఎవలన్న ఏమన్న అన్నరా?"

"అయ్యో, ఎవలంటరు? మా షాపుల గట్ల మాట్లాడే పిల్ల ఇంకొకతె లేదు. ఇప్పుడన్ని షాపులోళ్లు చీరలను ఫోన్‌ల వీడియో తీసి పెడుతుండ్రు గదా. మన వీడియోలన్ని నువ్వే చెయ్యి బిడ్డా అన్న. జీతం గూడ పెంచుతనన్న. ఒక్కటే, మాస్కు తీసి మాట్లాడాలె అన్న. మొఖం చూస్తెనే గదన్నా జనం నమ్మేది." నరహరి గొంతు తగ్గించాడు. "సరేనన్నది. చీర భుజం మీదేసుకొని నిలబడ్డది. ఫోన్ ఆన్ చేసినం. మాస్కు తీసింది. కానీ నోరు తెరవలేదు. ఐదు నిమిషాలు గట్లనే నిలబడ్డది. చీర మడతపెట్టి టేబుల్ మీద పెట్టి పోయింది. గంతే, మల్ల రాలేదు."

"గింత దానికా!" అన్నాడు లింగస్వామి.

"మాస్కుతోనే రమ్మను అన్నా. వీడియో ముచ్చట తర్వాత చూద్దాం."

పిల్లగాడు లేడని తెలిసి కోపం తగ్గాల్సింది పోయి రెట్టింపయింది. చేతిదాకా వచ్చిన అవకాశాన్ని పళ్ల కోసం పారేసుకుంటుందా? కాళ్లు లేవా, చేతులు లేవా, చదువు లేదా? ఇంటికొచ్చి జానమ్మకు చెప్తే ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"పన్నెండొద్దులు నాతోని డబ్బా కట్టిచ్చుకొని పోయి, బస్సుల తిన్నదా?" అంది. అదొక్కటే మాట మళ్లీ మళ్లీ అంది.

సాయంత్రం ఆరుంబావుకు, రోజూ వచ్చే వేళకే ప్రవళిక వచ్చింది. మాస్కు తీయకుండానే కాళ్లు కడుక్కుంది. ఖాళీ డబ్బా కడిగి బోర్లించింది.

"ఇయ్యాల గిరాకి ఎట్లుండె బిడ్డా?" అని లింగస్వామి మెల్లగా అడిగాడు.

"మంచిగుండె బాపూ. సూర్యాపేట నుంచి పెండ్లోళ్లొచ్చిండ్రు. పెండ్లికొడుకు తల్లికి ఏది చూపిచ్చినా నచ్చలేదు. ఆఖరికి ఒక నారాయణపేట చీర తీసి, 'పెద్దమ్మా, ఈ ఎరుపు అంచు మీ మొఖానికే పుట్టింది' అన్న. గప్పుడు నవ్వింది..."

చెప్తూ పోతోంది. చేతులు చీర మడతలు విప్పుతున్నట్టే గాలిలో కదులుతున్నాయి. ఆ పెళ్లివాళ్లు నిజంగా ఎదురుగా ఉన్నట్టే ఉంది. అంత చక్కగా చెప్తుంటే లింగస్వామికి ఇంకా మంట పుట్టింది.

"దేవరకొండ బస్సుల ఎన్ని చీరలమ్మినవ్ బిడ్డా?"

ప్రవళిక చేతులు అక్కడికక్కడే ఆగిపోయాయి.

"చెప్పు! మీ నరహరి సారు కుర్చీ ఏసి కూసుండబెట్టి చెప్తుంటే నా తలకాయ ఏడ పెట్టుకోవాలె? డిపోల గుర్వమ్మ చెప్తుంటే ఏడ పెట్టుకోవాలె? ఎవడో ఉన్నడనుకున్న. పొద్దటి సంది సగం సచ్చిన."

"ఎవ్వడు లేడు" అంది ప్రవళిక. "ఉంటే గిట్లెందుకుంట? నా మొఖం మొత్తం చూసినంక నా దిక్కెవడు చూస్తడు?"

"ఏం మాటలే అవి?" అని జానమ్మ అడ్డమొచ్చింది. "వంక పెట్టేటట్టు ఏమున్నది నీకు? పన్ను మీద పన్ను..."

"అదృష్టం! ఏడుంది అమ్మా గా అదృష్టం? జర చూపియ్యి. పెండ్లి చూపులకని ఫోటో దిగినప్పుడు 'నోరు మూస్కొని నవ్వు' అన్నది నువ్వే గదా? అదృష్టమైతే మూసుడెందుకు?"

జానమ్మ ఒక అడుగు వెనక్కి జరిగింది.

"అరే, నా పండ్లు చూడు!" అని లింగస్వామి పెదవి పైకెత్తి చూపించాడు. "గార పట్టి, అరిగిపోయి, కుక్క గూడ మెచ్చది. నేను బతుకుతలేనా? దినాం వెయ్యి మందితోని మాట్లాడుత. ఎప్పుడన్న మూతికి గుడ్డ కట్టుకున్ననా? నీయి తెల్లగ మల్లెపువ్వుల్లెక్క ఉన్నయి. జర వంకరైతే ఏమాయె?"

"మీ ఊర్ల అందరియి గట్లనే ఉండె బాపూ. నువ్వు అందరిల ఒకనివి. మా క్లాసుల నేనొక్కదాన్నే."

"అయితే ఏం జేసిండ్రు? కొట్టిండ్రా, తిట్టిండ్రా?"

ప్రవళిక ఆయన కళ్లలోకి సూటిగా చూసింది. మాస్కు పైన ఆ కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎనిమిదో తరగతిల ఒకనాడు నేను డబ్బా మర్చిపోయిన. నీ బస్సు మా బడి ముంగల ఆపిచ్చి, కిటికిల నుంచి తలకాయ బయటపెట్టి, 'ఓ చెవులపిల్లీ, డబ్బా తీస్కపో' అని ఒర్లినవ్. ప్రేయర్ టైం. బడంత విన్నది. బస్సుల ఉన్నోళ్లు నవ్విండ్రు, బడి నవ్వింది. ఆ దినం సంది నా పేరు ఎవలకు యాదికి లేదు. పదో తరగతిల సారు హాజరేసుకుంట నోరుజారి గదే పిలిచిండు. డిగ్రీల నాతోని వచ్చి చేరినోళ్లు నా వెనకాల గా పేరు గూడ తెచ్చిండ్రు."

"నేను... ముద్దుకు పిలిచిన బిడ్డా."

"ముద్దుకే. నాకెర్కే. అందుకే ఏమనరాకపోయేది. పగోడు పెడితే మల్ల తిడుదును. నువ్వు నవ్వుకుంట పిలుస్తవ్, నేను పలకాలె. పండ్ల డాక్టర్లు బడికొచ్చి చీటి రాసిచ్చిండ్రు, క్లిప్పులు ఏపియ్యుండ్రి అని. నీ చేతికిచ్చిన. ఏమన్నవో యాదికున్నదా? 'పండ్లు సాపు చేస్తే చెవులపిల్లి ఎట్లయితది' అన్నవ్. అమ్మ నవ్వింది. నేను గూడ నవ్విన. ఇంకేం జెయ్యాలె?"

ఆమె మాస్కు మీద చెయ్యి పెట్టింది. "మూడేండ్లు బాపూ. గీ మాస్కు ఉన్న మూడేండ్లే నేను మనిషిలెక్క బతికిన. నేను మాట్లాడుతుంటే నా మాటలే ఇన్నరు. ఎవలు నా మూతి దిక్కు చూడలే. అది గూడ తీసెయ్యమంటే ఏడికి పోవాలె? బస్సుల కిటికి పక్కన కూసుంటే ఎవలు ఏమడగరని కూసున్న."

లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. గడియ పడిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. జానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు జారగిలబడింది.

లింగస్వామి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. బీడీ ముట్టించాడు కానీ తాగలేదు. ఎన్నడూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటి గుర్తుకొచ్చింది.

ఆయన ఇరవై రెండేళ్ల వయసులో హైదరాబాదు పోయాడు. ఒక హోటల్లో సర్వరు పనికి మనుషులు కావాలంటే పోయి నిలబడ్డాడు. గల్లా పెట్టె దగ్గరున్న యజమాని "ఏ ఊరు?" అన్నాడు. ఊరి పేరు చెప్పడానికి నోరు తెరవగానే ఆ మనిషి మొహం తిప్పుకున్నాడు. "గా పండ్లతోని గిరాకి ముంగలికి పోతే అన్నం ఆన్నే ఇడిశిపెడతరు. ఎనకకు పో, గిన్నెలు కడుగు" అన్నాడు. తింటున్నవాళ్లు నవ్వారు. ఎనిమిది నెలలు వెనకాల పొగలో గిన్నెలు కడిగాడు లింగస్వామి. ఎవరితోనూ మాట్లాడలేదు. నీళ్లు తాగినా గోడవైపు తిరిగి తాగేవాడు.

తర్వాత కండక్టరు నౌకరీ వచ్చింది. మొదటి రోజు బస్సులో వణుకుతూ నిలబడి, ఏమనుకున్నాడో ఏమో, తనే గట్టిగా "నా పండ్లు చూసి భయపడకుండ్రి, టికెట్ తీసుకోండ్రి" అన్నాడు. బస్సంతా నవ్వింది. తనూ నవ్వాడు. ముందే తను నవ్వేస్తే ఎదుటివాడికి నవ్వడానికి ఏమీ మిగలదని ఆ రోజు తెలిసింది. ఇక అప్పట్నుంచి ఆగలేదు. తన మీద నవ్వాడు, అందరి మీదా నవ్వాడు, కనిపించిన ప్రతివాడికీ పేరు పెట్టాడు.

గోడవైపు తిరిగి నీళ్లు తాగిన తను, కిటికీ వైపు తిరిగి అన్నం తింటున్న బిడ్డ. ఆ హోటలు యజమానిని ఇన్నేళ్లూ తిట్టుకుంటూనే ఉన్నాడు. ఇంట్లో మాత్రం ఆ పనే తనూ చేశాడు, ముద్దు చేస్తున్నాననుకుని. వేలు కాలితే కానీ చేతిలో బీడీ ఉందన్న సంగతి గుర్తు రాలేదు.

తెల్లారి ఆయన డ్యూటీ మార్చుకున్నాడు. ప్రవళిక లేచి మొహం కడుక్కునేసరికి చొక్కా వేసుకుని సిద్ధంగా ఉన్నాడు.

"పండ్ల డాక్టర్ దగ్గరికి పోదాం, తయారు కా బిడ్డా. ఖర్చు నేను చూసుకుంట."

"ఇప్పుడెందుకు?" అంది విసుగ్గా. "బడికి పోయేటప్పుడు ఏపిచ్చేటియి. గీ వయసుల క్లిప్పులేసుకుంటే దానికో పేరు పెడతరు. నిన్న నేను ఏడ్చిననని పోవుడు అవసరం లేదు."

"నువ్వు ఏడ్చినవని కాదే. నేనే... అరే, జర ఇను చెవుల–" అని, సగంలో నాలిక కరుచుకున్నాడు.

పొయ్యి దగ్గర జానమ్మ కళ్లు మూసుకుంది. ప్రవళిక ఆయన్ను చూసింది. కోప్పడదామనుకుంది కానీ, దొంగతనం చేస్తూ దొరికిన పిల్లాడిలా నిలబడ్డ తండ్రిని చూసి చేతకాలేదు.

"పదిహేనేండ్ల అలవాటు. ఒక్క దినంల పోతదా" అని గొణిగి, చున్నీ తీసుకుంది. "నడువు."

దవాఖానలో ఆరుగురి తర్వాత నంబరు. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. లింగస్వామి ఎదురుగా ఉన్న గోడను చూస్తూ హోటలు సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన అంత మెల్లగా మాట్లాడటం ప్రవళిక ఎప్పుడూ వినలేదు. వినపడక పక్కకు జరగాల్సి వచ్చింది. గిన్నెల సంగతి, నీళ్లు తాగిన సంగతి, మొదటి రోజు బస్సు సంగతి చెప్పాడు. ఎక్కడా నవ్వించడానికి చూడలేదు.

"అమ్మకు ఎర్కనా?" అని అడిగింది.

"ఎవలకు ఎర్కలేదు."

"గంత పడ్డోనివి, మరి నన్నెందుకు బాపూ..."

"గదే నాకు సమజైతలేదు బిడ్డా. రాత్రి సంది గదే ఆలోచన. నన్ను చూసి ఎవలు నవ్వొద్దని, అందర్ని నవ్విచ్చుడు నేర్చుకున్న. నవ్విచ్చెతందుకు ఏదో ఒకటి దొరకాలె గదా." ఆయన గోడ మీంచి చూపు తిప్పి బిడ్డను చూశాడు. "నువ్వు దొరికినవ్. తప్పు చేసిన."

పోనీలే అని ప్రవళిక అనలేదు. పోయేంత చిన్నది కాదని ఇద్దరికీ తెలుసు. కాసేపటికి ఆమె తల వచ్చి ఆయన భుజానికి ఆనింది. మాస్కు తడిసిపోయి ఉంది. లింగస్వామి కదలకుండా కూర్చున్నాడు.

నర్సు నంబరు పిలిచింది. గది తలుపు దగ్గర లింగస్వామి ఆగిపోయాడు. "నేను బయటుంటనా?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "వద్దు. రా."

లోపల డాక్టరమ్మ దీపం జరిపి నోరు తెరవమంది. మాస్కు తీసి నోరు తెరవడానికి ప్రవళికకు కొంచెం సేపు పట్టింది. డాక్టరమ్మ చిన్న అద్దం పెట్టి మూల మూలా చూసింది. పెద్దవాళ్లకూ చేయొచ్చని, రెండు పళ్లు తీయాల్సి వస్తుందని, రెండేళ్లు పడుతుందని చెప్పింది.

"ఒక్క మాట ముందే చెప్తున్నానమ్మా. రేపే అందంగా అయిపోతావని కాదు. రెండేళ్లూ నోట్లో తీగలు కనిపిస్తూనే ఉంటాయి. నిదానంగా ఆలోచించుకుని చెప్పు."

కనిపిస్తాయంటే ఈ పిల్ల ఇప్పుడే లేచి వెళ్లిపోతుందనుకున్నాడు లింగస్వామి. ప్రవళిక ఒళ్లో చేతులు పెట్టుకుని కాసేపు వాటినే చూస్తూ కూర్చుంది.

"తీగెలేసినంక మాట్లాడొచ్చా మేడం?"

"మొదటి వారం నాలుకకు తగులుతుంది. మాట కొంచెం ముద్దగా వస్తుంది. తర్వాత అలవాటైపోతుంది. ఎందుకు?"

"నేను చీరలమ్ముత మేడం" అంది ప్రవళిక. "దినమంత మాట్లాడాలె."

అమ్ముతుంటి అనలేదు, అమ్ముత అంది. లింగస్వామి గోడవైపు తిరిగి, చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు.